శేషభోజనము

పిల్లవానికి పెట్టిన పిదప దేవునికి పెట్టవచ్చునా యను ప్రశ్న పండితసభలలో పెద్దగా వినవచ్చునది కాదు. అది వంటింటి గుమ్మము కడ పుట్టి, పసివాని యేడుపు తారస్థాయి నందుకొనులోపల ఎవరికి తోచినట్లు వారు తీర్చుకొని, మరునాటికి మరచిపోవు ప్రశ్న. అయినను హైదరాబాదునకు పడమట, ఒక వంక 1974లో వెలసిన కేంద్రీయ విశ్వవిద్యాలయపు బండరాళ్లును తుప్పలును, వేరొక వంక ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులోని అద్దపు మేడలును, నడుమ పాత ఊరును లంబాడీల తండాయు, వాని తలలమీదుగా లేచిన అపార్టుమెంటు బురుజులును కలగలిసి నిలిచిన గోపన్‌పల్లిలో, ఈ ప్రశ్న ప్రతిదినమును తెల్లవారి ఆరున్నరకును ఏడుంబావుకును నడుమ తలయెత్తక మానదు. ఏలయన ఆ వేళకు స్కూలుబస్సు వచ్చును. బస్సు దేవునికొరకు ఆగదు.

ఇంటిల్లిపాదియు స్నానముచేసి, దీపము వెలిగించి, నైవేద్యము పెట్టునప్పటికి ఎనిమిదిన్నర యగును. పిల్లవాని టిఫినుడబ్బా మూత బిగియవలసినది ఏడింటికి. కావున నేటి గృహమునందు అన్నపు తొలిభాగము, ఎవరి సంకల్పమును లేకయే, పిల్లవాని దైపోయినది. మా ముందటి తరమున తడిమడి గట్టుకొని వండు ముసలమ్మ, ఆకలిగొని కొంగు పట్టవచ్చిన మనుమనిని దూరముగనే నిలిపి, ఒక బెల్లపుముక్క విసరి, మహానైవేద్యమగువరకు ఆ ముక్కతోనే కాలక్షేపము చేయించుచుండెడిది. ఆ బెల్లపుముక్క వంటలోనిది కాదు గనుక దానికి దోషము లేదు. మడికట్టిన చేతులుగూడ కొంత లౌక్యమెరిగినవే.

ఇప్పటి గృహిణులలో కొందరు వేరొక ఉపాయము పన్నిరి. కుక్కరు మూత తీసినంతనే, డబ్బా నింపకమున్నే, చెంచాడన్నము చిన్న గిన్నెలోనికి తీసి, పైన రెండు బొట్లు నేయి వేసి, మూతపెట్టి, పొయ్యిగట్టుమీద ఉప్పుడబ్బాకును నూనెసీసాకును నడుమ నుంతురు. అది దేవునిది. దీపము వెలుగువరకు అక్కడ చల్లారుచుండును. ఇక డబ్బాలోనికి పోవునది దేవుని భాగము తీయగా మిగిలినదే యని వారి సమాధానము. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యింట మూడేండ్ల రెండవవాడొక డుండును. వాడు ప్లాస్టికు స్టూలు నీడ్చుకొనివచ్చి యెక్కి, గట్టుమీది గిన్నెలన్నిటిలోను ఆ గిన్నెనే యెన్నుకొని, మూత తీసి, వ్రేలు ముంచి నాకును. అప్పుడా తల్లి యేమి చేయవలెను? పారబోసి మరల తీయువారు కలరు. చూడనట్లు మూతపెట్టువారును కలరు. "వాడే దేవుడు" అని నవ్వి యూరకుండువారు అందరికన్న నెక్కువ. వాడే దేవుడనుట ముచ్చటైన మాటయే గాని సమాధానము కాదు. పిల్లవాడు దేవుడే యైనచో గిన్నె తీసిపెట్టుట యనావశ్యకము. కాడేని ప్రశ్న యున్నచోటనే యున్నది. ముద్దుమాటతో ధర్మసందేహమును జోకొట్టుట మనవారికి అలవాటు.

ధర్మశాస్త్రకారులు మాత్రము వంటింటిని చిన్నచూపు చూచినవారు కారు. తెలుగునాట వైదికకుటుంబములలో పెక్కింటికి సూత్రకారుడైన ఆపస్తంబుడు, వండువాడు అన్నమున కభిముఖుడై మాటలాడరాదనియు, దగ్గరాదనియు, తుమ్మరాదనియు, తలవెండ్రుకలనో కట్టుబట్టనో తాకినచో నీళ్లు ముట్టవలెననియు విధించెను. వంట ముగిసినంతనే వండినవాడు నిలుచుండి, సిద్ధమైనదని యజమానికి విన్నవింపవలెను. యజమాని యా యన్నమును కొనియాడి, అది యెన్నడును తరుగకుండుగాక యని బదులు పలుకవలెను. నేడా విన్నపమును కుక్కరు విజిలు చేయుచున్నది. బదులు పలుకవలసిన యజమాని చెవులలో ఇయర్‌ఫోనులు దూర్చుకొని అమెరికావారి మీటింగునం దున్నాడు.

మన ప్రశ్నకు సూటియైన జవాబు నాకు కనిపించినది పరాశరస్మృతిలో. అదియు పిల్లలనుగూర్చి కాక, వాకిట నిలిచిన భిక్షువునుగూర్చి చెప్పినచోట. దేవతలకు అన్నము నర్పించు వైశ్వదేవము కాకమున్నే భిక్షువు వచ్చినచో, దానికి వలసిన భాగమును వేరుగా తీసియుంచి, అతనికి పెట్టి పంపవలెనని యా స్మృతి చెప్పుచున్నది. అంతటితో నాగక, వైశ్వదేవమునందలి లోపమును భిక్షువు పోగొట్టగలడు గాని, భిక్షువుపట్ల జరిగిన లోపమును వైశ్వదేవము పోగొట్టజాలదని మరియొక మెట్టు పైకెక్కి పలికినది. పొయ్యిగట్టుమీది చిన్నగిన్నె యీ విధికి, ఆ గృహిణి యెరుగకయే కల్పించిన ఆచరణరూపము. వేచియుండజాలనివాడు ముందు తినును; వేచియుండగలవాడు దేవుడు. ఇక వ్రేలు ముంచినవాని సంగతి: గిన్నె కడిగి మరియొక చెంచాడు తీసిన సరిపోవును, కుక్కరులో అన్న మింకను ఉన్నది.

మనుష్యులలో పిల్లవాని వంతు ఎక్కడిదో యాజ్ఞవల్క్యుడు సందేహమునకు తావీయక చెప్పెను. ఆచారాధ్యాయమున భోజనక్రమము నిరూపించుచు ఆయన మొట్టమొదట పేర్కొన్నది బాలురను. పిదప పుట్టినింట నున్న వివాహితలు, వృద్ధులు, గర్భిణులు, రోగులు, కన్యలు. అటుపై అతిథులు, భృత్యులు. వీరందరు భుజింపగా మిగిలినది దంపతులది. ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణనగరమునం దుండెను. అది గోపన్‌పల్లికి దూరదేశము కాదు; ముంబయి రహదారి పట్టి జహీరాబాదు దాటి కొంతదూరము పోయిన వచ్చు నేటి బసవకల్యాణమే. పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెలుగుపద్యములలోనికి తెచ్చెను. పిల్లవాని ప్రశ్న యింతటితో తీరినట్లే. తీరనిది ఆ పట్టిక చివర నున్నది.

పిల్లవాడు లేచిపోయిన పళ్లెము నొకమారు చూడుడు. కరివేపాకు రెబ్బ లేరి అంచున వరుసగా పేర్చినవి. పెరుగన్నము నడుమ వ్రేలితో త్రవ్విన గుంట. సగము కొరికి విడిచిన ఆలుగడ్డముక్క. ప్రక్కన నీళ్లగ్లాసు, అందులో తేలుచున్న నాలుగు మెతుకులు. తల్లి యా పళ్లెమును సింకువరకు గొనిపోవును. గొనిపోయి, కుళాయి విప్పుటకు మనసొప్పక, నిలుచుండియే యా గుంటపడిన పెరుగన్నమును గబగబ నోట వేసికొని, గ్లాసులోని నీటిని మాత్రము పారబోసి, పళ్లెము కడిగివేయును. ఆనాటి ఉదయమున కామె భోజన మదియే. ఏమైన తింటివా యని యడిగినవారికి "తిన్నానండి" యని చెప్పును. అది యబద్ధము కాదు.

ఇతరుల యెంగిలి తినరాదనుట మనకు ఉగ్గుపాలతో వచ్చిన నియమము. ఆపస్తంబుడు దానికి కొన్ని మినహాయింపుల నిచ్చెను: శిష్యుడు గురువు విడిచినది తినవచ్చును, తండ్రి విడిచినదియు, జ్యేష్ఠభ్రాత విడిచినదియు భోజ్యములే. ఈ మినహాయింపులన్నియు పైనుండి క్రిందికి పారునవి. పసివాని యెంగిలిని తల్లి తినుట క్రిందినుండి పైకి పోవుచున్నది. దానికి ప్రమాణము వాత్సల్యమే. భక్తికథలును ఈ యెదురుదారినే పట్టినవి. రుచిచూచి మేలేర్చిన మాంసమును శివునికి పెట్టిన తిన్నని ధూర్జటి కీర్తించెను. గోదాదేవి ముడిచి విడిచిన మాలనే స్వామి కోరెనను కథను రాయలు తన కావ్యమునకు పేరుగనే పెట్టెను. శబరి యెంగిలిపండ్లు వాల్మీకిరామాయణమున లేవు. లేవని చెప్పినచో మన పల్లెలలో నమ్మువారును లేరు. తెలంగాణమున బతుకమ్మ పండుగ తొలినాడు, భాద్రపదమాసపు అమావాస్యనాడు, పేర్చునది ఎంగిలిపూల బతుకమ్మ. ముందునాడే కోసి నిలువయుంచిన పూలు గనుక ఆ పేరు వచ్చినదని కొందరును, ఆనాడు భోజనముచేసిన పిదప పేర్తురు గనుక వచ్చినదని కొందరును చెప్పుదురు. కారణ మేదైనను, తొమ్మిదిదినముల యమ్మవారి పండుగ యెంగిలి పేరుతో మొదలగుటకు ఇక్కడి యాడువారు సిగ్గుపడినది లేదు. అథర్వవేదమున పదునొకండవ కాండములో నొక సూక్తము ఉచ్ఛిష్టమునే దైవముగా పొగడి, నామరూపములును లోకములును అందే నిలిచియున్నవని చెప్పుచున్నది.

దీనికి తోడు మనువు గృహస్థుని వంటింటిని ఐదు హింసాస్థానముల సముదాయముగా చెప్పెను: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. పొయ్యి గ్యాసుస్టవ్వై, రోలు మిక్సీయై, నీటికుండ ఫిల్టరైనంతమాత్రమున ఆ పట్టిక రద్దు కాలేదు. బియ్యపుడబ్బాలోని పురుగునకును, సింకుక్రింది బొద్దింకకును నేటికిని మన యిండ్లలో అదే గతి. ప్రతి కబళమును ఏదియో యొక ప్రాణికి ఋణపడి యున్నది గనుక ఆ ఋణమును దేవతలకును, పితరులకును, భూతములకును, అతిథులకును పంచి, మిగిలినది తాను తినవలెనని పంచయజ్ఞముల తాత్పర్యము. గీత మూడవ యధ్యాయమునను యజ్ఞశిష్టము తినువారిని మెచ్చుకొని, తమకొరకే వండుకొనువారు తినునది పాపమేయని తేల్చినది. ఇంతదూరము వచ్చిన పిమ్మట, సింకువద్ద నిలిచి తల్లి తిన్నదియు యజ్ఞశేషమే, ఆమె జన్మ ధన్యమని పలికి చేతులు కడుగుకొనుట సులభము. మన ఉపన్యాసకులు పెక్కురు ఇక్కడనే యాగుదురు. సభ చప్పట్లు కొట్టును. చప్పట్లు కొట్టువారిలో ఆ పూట వేడియన్నము తినివచ్చినవా రెందరో చూడవలెను.

ఈ శేషమను మాటకే రామానుజాచార్యులు వేదార్థసంగ్రహమున, పరునికి అతిశయము కలిగించుటయే స్వరూపముగా గలది శేషమని లక్షణము చెప్పి, జీవుడు పరమాత్మకు అట్టి శేషభూతుడని సిద్ధాంతీకరించిరి. వెంటనే పూర్వపక్షి లేచి, పరాధీనమైనదెల్ల దుఃఖమేయని మనువు చెప్పలేదా, ఈ దాస్యమున సుఖమెక్కడిదని యడుగును. ఆచార్యులవా రా ప్రశ్నను కొట్టివేయలేదు. సేవింపదగనివారిని సేవించుట దుఃఖమేయని యొప్పుకొని, పరమాత్మవిషయమున మాత్రమే యది యానందమని వేరుచేసిరి. ఈ వేర్పాటు మన యిండ్లలో ఎప్పుడో జారిపోయినది. దేవునియెడ చెప్పిన శేషత్వమును తెచ్చి కోడలికి అంటగట్టినాము.

స్మృతికారులు శేషభోజనమును దంపతులకు చెప్పిరి. యాజ్ఞవల్క్యుడును, మనువును ఈ విషయమున ఏకవాక్యులు. తరువాత నెవరో పురుషుని ఆ కడపటి పంక్తినుండి లేపి తొలిపంక్తిలో కూర్చుండబెట్టినారు. గోపన్‌పల్లిలో నేడు ఆలుమగ లిద్దరికిని ఆఫీసు క్యాబులు వచ్చును. ఇద్దరి మెడలలోను ఒకే తీరు గుర్తింపుకార్డులు వ్రేలాడును. ఆయన కూర్చుండి నాలుగిడ్లీలు తిని పోవును, ఆమె నిలుచుండి పళ్లెము గీకి పోవును. చూచుచున్న అత్తగారు "పిల్లలు తింటే తల్లి కడుపు నిండుతుంది" అని దీవించినట్లు పలుకును. పెద్దావిడ మాట కాదనుట మర్యాద కాదు గాని, తండ్రి కడుపున కా గుణ మేల లేదో యెవరైన నామెను అడిగిన బాగుండును.

ఇక ఆ పట్టికలో దంపతులకన్న ముందు నిలిచిన భృత్యుల మాట. ఇక్కడ పెక్కిండ్ల వంట ఇంటివారు చేయునది కాదు. పాత ఊరినుండియో, చుట్టుప్రక్కల బస్తీలనుండియో వంటామె వచ్చును. గేటువద్ద సెక్యూరిటీవాని పుస్తకములో పేరు వ్రాయించుకొని, పనివారికి వేరుగా పెట్టిన లిఫ్టులో పైకెక్కి, ఒక యింట పోపు వేయుచు వేరొక యింటివారి ఫోను నందుకొనును. త్రైవర్ణికుల పర్యవేక్షణమున శూద్రులును వైశ్వదేవాన్నము వండవచ్చునని ఆపస్తంబుడు స్పష్టముగా చెప్పియున్నాడు; మడి పేరిట తరువాతివారు మరచినది దీనినే. ఆ మహానుభావుడే మరియొకటియు చెప్పెను: తనకును ఆలుబిడ్డలకును కొరతపడినను పడవచ్చును గాని, ఇంట పనిచేయువానికి మాత్రము కొరత చేయరాదని. శాస్త్రములలో నేను చదివిన కఠినవాక్యములలో నిది యొకటి. కన్నకొడుకుకన్న ముందు పనివానిని నిలిపినది.

మన పిల్లవానికి డబ్బా కట్టుచున్న వేళ నీ పిల్లలేమి తినుచున్నారమ్మా యని యొకనా డొకామె నడిగితిని. "రాత్రి బువ్వున్నది సారూ, తొక్కేసుకొని తిని బడికి పోతరు" అన్నది, చేతిలోని గరిటె ఆపకయే. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. అయినను లెక్క యెట్లున్నదో స్పష్టమైనది: ఒక యింటి పిల్లవానికి అన్నపు తొలిభాగ మందుటకు వేరొక యింటి పిల్లవాడు నిన్నటి శేషము తినుచున్నాడు. పైగా ఫ్రిజ్జులో మూడుదినములు నిలిచి, ఇంటివా రెవరును ముట్టని కూరను మూతడబ్బాలో పోసి యామె చేతికిచ్చి, దానము చేసితిమని తృప్తిపడు సంప్రదాయ మొకటి బయలుదేరినది. దానికంటె సింకులో పారబోయుట నిజాయితీ.

పళ్లెమున మిగిలిన యన్నము ఒకచోట ప్రసాదమై, వేరొకచోట అవమాన మగుటకు హేతువేమి? ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో హిందీలో ప్రకటించిన స్వీయచరిత్రకు జూఠన్ అనియే పేరు, ఎంగిలి యని. ఉత్తరప్రదేశమున ముజఫర్‌నగర్ జిల్లా బర్లా గ్రామములో, పెండ్లివిందుల యెంగిలివిస్తళ్ల నెత్తి, అందలి పూరీముక్కల నెండబెట్టి వానకాలమునకు దాచుకొను కులమున ఆయన పుట్టెను. ఒక పెద్దయింటి పెండ్లిలో చాకిరిచేసిన ఆయన తల్లి, చుట్టములందరు తినిపోయిన పిమ్మట, పిల్లల కొక విస్తరిలో నింత మంచి భోజనము పెట్టించుడని యజమాని నడిగినది. బుట్టెడు ఎంగిలి దొరికినది చాలక పిల్లలకు వేరే కావలెనా యని యాతడు కసరినాడు. ఆమె బుట్టను అక్కడనే కుమ్మరించి, ఎత్తి దాచుకొని రేపు పెండ్లివారికి ఫలాహారముగా పెట్టుకొమ్మని చెప్పి, పిల్లలను తీసికొని వెడలిపోయినది. నాటితో ఆమె ఆ గడపకు పోవుట మానినది. ఎంగిలి తెచ్చుటయు మానినది.

ఆ తల్లి చేసినపనికి ఉపనిషత్తులలో తోడొకటి కలదు. కురుదేశమున వడగండ్లచే పైరులు నాశనమైనప్పుడు ఉషస్తి చాక్రాయణుడు భార్యతో ఏనుగులవాని గ్రామమున తలదాచుకొని, అతడు తినుచున్న గుగ్గిళ్లను యాచించెనని ఛాందోగ్యము చెప్పుచున్నది. ఈ యెంగిలివి తప్ప వేరు లేవన్నను వానినే పుచ్చుకొనెను. తిన్న పిదప ఏనుగులవాడు తాను త్రాగగా మిగిలిన నీరీయబోగా, అది యెంగిలి, వలదనెను. గుగ్గిళ్లెంగిలి కావా యని యాతడడుగగా, అవి తినకున్న బ్రతుకనని, నీరు నా యిష్టమువచ్చినచోట దొరకునని ఉషస్తి యుత్తరము. ప్రాణాపాయమున తప్ప అందరి యన్నమును తినుటకు అనుమతి లేదనుటకు బ్రహ్మసూత్రకారుడు ఈ కథనే యాధారము చేసికొనెను. భాష్యకారులు దానిని ఆపద్ధర్మముగా వ్యాఖ్యానించిరి. నాకు గుగ్గిళ్లకన్న ఆ త్రాగని నీరు ముఖ్యము. ఎంగిలి తినుట ఆకలి చేయించినది. నీరు వలదనుట మాత్రము ఉషస్తి చేసినది. సింకువద్ద నిలిచిన తల్లియు గ్లాసులోని నీటిని పారబోయగలిగినది, సరియే, పళ్లెమును వలదనగలదా? ఆమెకై నాలుగు వేడి యిడ్లీలు బల్లమీద సిద్ధముగా నుండి, కూర్చుండి తినుటకు పది నిమిషములు తీరికయుండి, వంటామెకును అంతకుముందే ఆ బల్లవద్ద కడుపునిండ పెట్టియుండి, అప్పుడును ఆ తల్లి గుంటపడిన పెరుగన్నమునే కోరి తిన్నచో, అది గోద విడిచిన మాలకు తీసిపోదు. ఇడ్లీలు లేనిచో అది యజ్ఞశేషము కాదు, ఇంటిల్లిపాదియు కలిసి ఆమెకు మిగిల్చిన వంతు.

ఉషస్తి కథకు కొస యొకటి యున్నది. తాను తినగా మిగిలిన గుగ్గిళ్ల నాతడు భార్యకు తెచ్చియిచ్చెను. ఆమె నింకను యౌవనము రాని బాలికగా శంకరులు వ్యాఖ్యానించిరి. ఆ బాలిక యంతకుమున్నే మంచి భిక్ష సంపాదించి తినియుండుటచే వానిని పుచ్చుకొని దాచినది. తెల్లవారి ఉషస్తి లేచి, పిడికెడన్నము దొరికినచో, రాజు చేయుచున్న యజ్ఞమునకు పోయి కొంత ధనము సంపాదింతును గదా యనుకొనగా, ఇవిగో నీ గుగ్గిళ్లని యామె యెదుట పెట్టినది. ఆతడు తిని యజ్ఞవాటికకు పోయి, ఋత్విజుల గానమునకు అధిదేవత లెవరో వివరించుచు, ప్రాణమును, ఆదిత్యుని, మూడవదిగా అన్నమును బోధించెను. ఆ పూట ఆతని యొడలిలో నున్న అన్నము, ముందునాడు తాను తినియున్న యొక పిల్ల దాచగలుగుటచే వచ్చినదన్న సంగతిని ఋత్విజు లడుగలేదు, ఆతడును చెప్పలేదు.